పురిట్లో నరాలు దెబ్బతిన్న పాపకు భుజం శస్త్రచికిత్స: హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి సేవలపై సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పిల్లల ఎముకల విభాగంలో, మా అమ్మాయి కుడి భుజానికి జరిగిన శస్త్రచికిత్స గురించీ, దానికి ముందూ తర్వాతా ఆ ఆసుపత్రి అందించిన సేవ గురించీ ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు. పైగా ఇదే శస్త్రచికిత్స కోసం తిరిగే తల్లిదండ్రులకు ఆసుపత్రి పేరు కంటే అక్కడ ఏమేం అడగాలన్నదే ఎక్కువగా ఉపయోగపడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ చికిత్సలో చేతికి కొంత వస్తుంది, కొంత పోతుంది. వచ్చేదాని గురించి అందరూ చెబుతారు. పోయేది ఎంతో కొలిచి, కత్తి పట్టకముందే చెప్పే వైద్యుడు దొరకడం ముఖ్యం. మాకు అలాంటి వైద్యుడే దొరికారు. ఆయన చుట్టూ ఉన్న వ్యవస్థ మాత్రం ఆయనంత శ్రద్ధగా లేదు.

మెడ దగ్గర వెన్ను నుంచి బయలుదేరే ఐదు నరాల వేళ్లు (మూలాలు) కలిసి భుజానికీ చేతికీ శక్తినిచ్చే అల్లికగా ఏర్పడతాయి. దాన్నే బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. కాన్పులో తల బయటికి వచ్చాక భుజం తల్లి కటి ఎముక దగ్గర ఇరుక్కుంటే, బిడ్డను బయటికి తీసే ప్రయత్నంలో మెడకూ భుజానికీ మధ్య ఈ నరాలు సాగవచ్చు, చిరగవచ్చు, ఒక్కోసారి వేళ్లతో సహా ఊడిపోవచ్చు. బిడ్డ బరువు నాలుగు కిలోలు దాటినా, తల్లికి మధుమేహం ఉన్నా, పట్టుకారు వంటి పరికరాలతో కాన్పు చేయాల్సి వచ్చినా ఈ ప్రమాదం ఎక్కువ. పై రెండు నరాల వేళ్లు, అంటే వైద్యులు సీ5, సీ6 అనేవి దెబ్బతిన్న రకాన్ని 1874లో దాని గురించి రాసిన జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎర్బ్ పేరుతో ఎర్బ్స్ పాల్సీ అంటారు. మా అమ్మాయిది అదే. చాలామంది పిల్లలకు మొదటి కొన్ని నెలల్లో చెయ్యి దానంతటదే కోలుకుంటుంది. అయితే మూడు నెలలకు కూడా మోచెయ్యి మడవలేని బిడ్డను నరాల శస్త్రచికిత్స చేసే వైద్యుడికి తప్పక చూపించాలి. కాలి పిక్క నుంచి తీసిన నరంతో అతుకు వేయడం వంటి పనులు సాధారణంగా మొదటి ఏడాదిలోపే చేయాలి. ఆ గడువు దాటాక నరం పని అంతగా ఫలించదు.

మాకు కాన్పు జరిగిన నర్సింగ్ హోమ్ ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో చేతి గురించి ఒక్క వాక్యం లేదు. "రెండు మూడు నెలల్లో అదే సర్దుకుంటుంది" అని నోటి మాటగా చెప్పి పంపేశారు. బంధువులు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. అక్కడి కట్టు ఎముక విరిగినవారికి పనికొచ్చేది. ఇక్కడ ఎముక విరగలేదు, నరం సాగింది. అదృష్టవశాత్తు మా ఊళ్లోని పిల్లల డాక్టరు సకాలంలో చూసి ఫిజియోథెరపీ మొదలుపెట్టించారు. మూడు నెలలు నిండేలోపే మోచెయ్యి మడవడం వచ్చింది కాబట్టి నరాల శస్త్రచికిత్స అవసరం పడలేదు. భుజం సమస్య ఆ తర్వాత బయటపడింది.

నరాలు చాలావరకు కోలుకున్న పిల్లలకు భుజం ఎందుకు పాడవుతుందన్నది మాకు చాలాకాలం అర్థం కాలేదు. చేతిని లోపలికి తిప్పే కండరాలకు కింది నరాల వేళ్ల నుంచి కూడా శక్తి అందుతుంది. బయటికి తిప్పే కండరాలు ప్రధానంగా దెబ్బతిన్న ఆ రెండు వేళ్ల మీదే ఆధారపడతాయి. అందువల్ల చెయ్యి ఎప్పుడూ లోపలికే తిరిగి ఉంటుంది. రెక్క ఎముక లోపలి వైపున ఉండే సబ్‌స్కాపులారిస్ కండరం ఎముకతో సమానంగా పెరగక కురచబడుతుంది. చేతి ఎముక తల రెక్క ఎముకకు ఉండే గుంటలో మధ్యన కూర్చోకుండా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. ఒక పక్కనే నూరి నూరి అరిగిపోయిన రోలులా, ఎదిగే వయసులో మెత్తగా ఉండే ఆ గుంట కూడా వెనక వైపుకు ఒరిగిపోతుంది. ఇంగ్లండ్ వైద్యుడు ఫెయిర్‌బ్యాంక్ 1913లోనే పురిటి పక్షవాతంలో భుజం ఇలా పక్కకు తప్పుకుంటుందని రాశారు. నూరేళ్లకు పైగా తెలిసిన ఈ సంగతిని పురుడు పోసిన చోట ఒక్కరూ చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంట్లో మాకు కనిపించింది మాత్రం ఇది. పాప అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకునేటప్పుడు మోచెయ్యి చెవి ఎత్తుకు లేచేది. చెయ్యి బయటికి తిరగదు కాబట్టి నోటిని అందుకోవడానికి మోచేతిని పైకెత్తడం తప్ప వేరే దారి లేదు. బూర ఊదేవాడి భంగిమతో పోల్చి వైద్యులు ఈ లక్షణానికి ఒక పేరు కూడా పెట్టారు. అంగన్‌వాడీలో పక్కన కూర్చున్న పిల్లలకు ఆ మోచెయ్యి తగిలి రోజూ తగువే. పప్పన్నమైతే సగం ముద్ద గౌను మీదే ఉండేది.

ఈ ఆసుపత్రిలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది మొదటి సంప్రదింపును. వైద్యుడు మా చేతిలోని పాత ఎక్స్‌రేలను పక్కన పెట్టి, పాపను చాప మీద కూర్చోబెట్టి ఆడించడం మొదలుపెట్టారు. మాలెట్ కొలమానం అని ఒకటి ఉంది. అందులో చెయ్యి పక్కకు ఎత్తడం, బయటికి తిప్పడం, మెడ వెనక పెట్టడం, వీపు మీద పెట్టడం, నోటికి తేవడం అనే ఐదు కదలికలకు ఒక్కోదానికి ఐదు వరకు మార్కులు వేస్తారు. ఆ ఐదింటినీ ఆయన బొమ్మలతో, బిస్కెట్టుతో, తలకు పెట్టిన రబ్బరు బ్యాండుతో రాబట్టారు. తర్వాత రెక్క ఎముకను ఒక చేత్తో కదలకుండా అదిమి పట్టుకొని, మోచెయ్యి నడుముకు ఆనించి, చెయ్యి ఎంతవరకు బయటికి తిరుగుతుందో కొలిచారు. అంతకు ముందు మమ్మల్ని చూసిన మరో చోట రెక్కను పట్టుకోకుండానే కొలిచి "ఫరవాలేదు, బాగానే తిరుగుతోంది" అన్నారు. అప్పుడు తిరిగింది భుజం కాదు, రెక్క ఎముక. ఈ తేడా తెలిసిన వైద్యుడి దగ్గరే ఉన్నామని ఆ క్షణంలో మాకు నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు ఏ కొలమానంలోనూ లేనివి. పాప ఏ చేత్తో తింటుంది, ఏ చేత్తో కడుక్కోవడం నేర్పుతున్నారు, రెండు చేతులూ జోడించి దండం పెట్టగలదా, లాగు నాడా పట్టుకోగలదా అని వరుసగా అడిగారు. ఇవన్నీ ఎందుకని మేం అడిగితే ఆయన చెప్పిన జవాబును నేను ప్రతి తల్లిదండ్రులకూ చెప్పదలచుకున్నాను. ఈ శస్త్రచికిత్స చేతిని బయటికి తిప్పే శక్తినిస్తుంది. అతిగా చేస్తే అదే చెయ్యి లోపలికి రావడం మానేస్తుంది. పొట్ట దాకా, బొడ్డు దాకా, చొక్కా గుండీల దాకా అందదు. కుడి చెయ్యి అయితే నోటికి, తలకు అందడం ముఖ్యం, పలక మీద రాయడానికి కొంత లోపలికి రావడమూ ముఖ్యం. దెబ్బతిన్నది ఎడమ చెయ్యి అయితే మన ఇళ్లలో లెక్క వేరు. ఆ చెయ్యి వెనక్కి, కిందికి అందకపోతే మరుగుదొడ్డిలో ఆ బిడ్డ జీవితాంతం ఇబ్బంది పడుతుంది. అందుకే ఎడమ చెయ్యి అయితే తాను కండరాన్ని అంతగా వదులు చేయనని ఆయన స్పష్టంగా చెప్పారు. ఆసుపత్రుల ప్రకటనల్లో శస్త్రచికిత్స తర్వాత చెయ్యి పైకెత్తి నవ్వుతున్న పిల్లల ఫొటోలే ఉంటాయి. అదే పిల్లవాడు గుండీ పెట్టుకుంటున్న ఫొటో నేను ఎక్కడా చూడలేదు.

ఎమ్మారై తీసిన రోజు సేవ బాగాలేదు. చిన్నపిల్లల భుజం గుంట చాలావరకు మృదులాస్థి కాబట్టి ఎక్స్‌రేలో సరిగా కనిపించదు, ఎమ్మారై అవసరమే. పిల్లలు కదలకుండా ఉండాలి కాబట్టి మత్తూ అవసరమే. కానీ పరీక్ష మధ్యాహ్నానికి ఖరారు చేసి, అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వవద్దని ఫోన్‌లో చెప్పడం అన్యాయం. ఘనాహారం ఆపడానికి ఆరు గంటలు, నీళ్ల వంటివి ఆపడానికి రెండు గంటలు చాలునని ఆ తర్వాత మత్తు డాక్టరే చెప్పారు. ఫోన్ చేసినవారికి ఆ సంగతి తెలియదు. పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి, మత్తు ఇవ్వకముందే నిద్రపోయింది. ఫలితాన్ని మాత్రం వైద్యుడు చిత్రం తెరమీద పెట్టి, తాను స్వయంగా గీతలు గీసి వివరించారు. గుంట మధ్య గీతకు ముందు భాగంలో ఎముక తల ఎంత శాతం ఉందో కొలుస్తారట. అది 35 శాతం కంటే తగ్గితే భుజం వెనక్కి జారినట్లు లెక్క. మా పాపది 35 శాతానికి దిగువనే ఉంది. గుంట మాత్రం ఇంకా పూర్తిగా చెడలేదు.

చికిత్సా మార్గాలను ఆయన వయసును బట్టి చెప్పారు. మరీ చిన్న పిల్లలకు బిగిసిన కండరంలోకి దాన్ని సడలించే బొటాక్స్ సూది వేసి, భుజాన్ని సరిచేసి, కట్టు వేస్తే కొందరికి సరిపోతుంది. ఆ వయసు మాకు దాటిపోయింది. పెద్ద పిల్లలకు, గుంట బాగా చెడిపోయినవారికి, భుజం కీలు జోలికి పోకుండా చేతి ఎముకనే కోసి బయటికి తిప్పి ప్లేటు వేస్తారు. ఈ రెంటికీ మధ్య వయసులో ఉన్న పిల్లలకు బిగిసిన సబ్‌స్కాపులారిస్‌ను వదులు చేసి, ఎముక తలను గుంటలో కూర్చోబెట్టి, వీపు నుంచి చంక వైపుకు వచ్చే లాటిసిమస్ డార్సీ, దాని పక్కనే ఉండే టెరెస్ మేజర్ కండరాల టెండన్లను (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లను) మార్చి అతికిస్తారు. చేతిని లోపలికి లాగే కండరాలు అలా చోటు మారి బయటికి తిప్పేవిగా పనిచేస్తాయి. దీనికి మూలం 1934లో అమెరికాలో లెపిస్కోపో అనే వైద్యుడు చేసిన పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా అనుసరించేది 1978లో హాఫర్ బృందం మార్చిన రూపం. టెండన్లను ఇలా మార్చి పనిచేయించే విద్య మనకు కొత్త కాదు. కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ దశాబ్దాల కిందటే చేసి చూపించారు.

మేం అడగకుండానే ఆయన మరొక సంగతి చెప్పారు. టెండన్లు మాత్రమే మార్చి, ఎముక తలను గుంటలోకి సరిగా తేకపోతే చేతి కదలిక మెరుగుపడినా గుంట ఆకారం పెద్దగా బాగుపడదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రికి చెందిన వాటర్స్, బే 2005లో ప్రచురించిన పరిశీలనలో ఇది తేలింది. తలను గుంటలో కూర్చోబెట్టడం కూడా కలిపి చేస్తే చాలామంది పిల్లల్లో గుంట తిరిగి సరైన ఆకారానికి వస్తోందని అదే వైద్యులు 2008లో రాశారు. "టెండన్ ట్రాన్స్‌ఫర్ ప్యాకేజీ" అని ధర చెప్పే చోట మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: కీలును కూడా సరిచేస్తారా, సరైందో లేదో లోపల ఎలా చూస్తారు? రెండో అభిప్రాయం కావాలంటే కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌కు గానీ, వెల్లూరుకు గానీ వెళ్లిరమ్మని ఆయనే అన్నారు. అలా అనగలిగే వైద్యుడి దగ్గర మాకు రెండో అభిప్రాయం అవసరమనిపించలేదు.

శస్త్రచికిత్స అనుకున్నట్లే జరిగింది. మత్తు డాక్టరు ముందు రోజు వచ్చి మాట్లాడారు. ఆ రాత్రి నొప్పికి మందు అడగకుండానే ఇచ్చారు. కోత చంక వెనక వైపున పడింది. నర్సుల ఓపికకు వంక పెట్టలేను. క్యాంటీన్ సంగతి రాయకపోవడమే మంచిది.

పిండికట్టు సంగతి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే దీని గురించి మమ్మల్ని ఎవరూ సిద్ధం చేయలేదు. స్పైకా అనే ఈ కట్టు నడుము చుట్టూ వేసి, చెయ్యిని పక్కకు ఎత్తి, మోచెయ్యి మడిచి, అరచెయ్యి బయటికి తిరిగి ఉండేలా చేతి దాకా కొనసాగిస్తారు. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహం దివిటీ పట్టుకున్నట్లు బిడ్డ కొన్ని వారాలు అలాగే ఉండాలి. ఆ చెయ్యితో మామూలు కారు వెనక సీటులో ఇద్దరి మధ్య కూర్చోబెట్టలేం. ఆటోలో అయితే పక్కకు పొడుచుకొస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క గౌనూ పట్టదు. డిశ్చార్జి రోజు పాపను దుప్పటి చుట్టి ఇంటికి తెచ్చాం. తర్వాత మా వీధి దర్జీ ఒక పక్క చెయ్యి లేకుండా, భుజం మీదా పక్కనా నాడాలు పెట్టి వదులు గౌన్లు కుట్టిచ్చాడు. నిద్రలో ఆ చేతి కింద ఎత్తుగా దిండ్లు పెట్టకపోతే కట్టు అంచు పక్కటెముకలకు ఒరుసుకుని కందిపోతుంది. వేసవిలో చెమట, దురద, కట్టు లోపలి వాసన గురించి చెప్పనవసరం లేదు. దురద కోసం లోపలికి పుల్ల గానీ, పొడి గానీ దూర్చకూడదని మాత్రం ఒక నర్సు హెచ్చరించింది, మంచి పని చేసింది. ఇవన్నీ ఒక పేజీ తెలుగు కరపత్రంలో రాసి ముందే చేతికిస్తే ఆసుపత్రికి పోయేదేముంది? పైగా కట్టు ఖర్చు, ఆ తర్వాత రాత్రిళ్లు వేసే ప్లాస్టిక్ స్ప్లింట్ ఖర్చు మాకు మొదట ఇచ్చిన అంచనా చీటీలో లేవు. అవి లేకుండా ఈ శస్త్రచికిత్సే లేదు, మరి అంచనాలో ఎందుకు లేవో బిల్లింగ్ కౌంటరులో ఎవరూ చెప్పలేకపోయారు.

బీమా దగ్గర మరో తంటా. ఆసుపత్రి బీమా విభాగంవారు ఫారంలో "పుట్టుకతో వచ్చిన లోపం" అని రాసి పంపారు, కంపెనీ వెంటనే తిరస్కరించింది. ఇది గర్భంలో ఏర్పడిన లోపం కాదు, కాన్పు సమయంలో తగిలిన గాయం. వైద్యుడు ఆ మాటనే తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చాక గానీ ఫైలు కదలలేదు. ఈ చికిత్సకు వెళ్లేవారు బీమా ఫారంలో రోగం పేరు ఎదుట ఏమి రాస్తున్నారో సంతకం పెట్టేముందు తప్పక చదవాలి.

ఈ ఆసుపత్రి సేవల్లో అన్నిటికంటే బలహీనమైనది ఫిజియోథెరపీ. చోటు మారిన కండరానికి తన కొత్త పని తెలియదు. ఇంతకాలం చేతిని లోపలికి లాగినది ఇప్పుడు బయటికి తిప్పాలి. కట్టు తీసిన తర్వాత వచ్చే నెలలే దానికి శిక్షణ కాలం. అలాంటప్పుడు ప్రతిసారీ కొత్త థెరపిస్టు రావడం, వచ్చినవారు మొదటి నుంచి కథంతా మమ్మల్నే అడగడం, చేతిని పైకెత్తించడమే తప్ప లోపలికి రప్పించే వ్యాయామం మర్చిపోవడం ఏమాత్రం సమర్థించుకోలేని విషయాలు. ఇచ్చిన వ్యాయామాల కాగితం ఆంగ్లంలో ఉన్న జిరాక్సు, అందులోని బొమ్మలు పెద్దవాళ్లవి. చివరికి మాకు ఉపయోగపడింది మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వచ్చే ప్రభుత్వ ఫిజియోథెరపిస్టు. వైద్యుడు రాసిచ్చిన సూచనలు చదివి ఆమె వ్యాయామాలన్నిటినీ ఆటలుగా మార్చింది. గోడ మీద ఎత్తులో అంటించిన బొట్టుబిళ్లలు తీయడం బయటికి తిప్పడానికి, పొట్ట మీద అంటించినవి తీయడం లోపలికి తిప్పడానికి. రెండోదాన్ని ఎన్నడూ వదలవద్దని గట్టిగా చెప్పింది. మా అత్తగారికి నూనె మర్దనాలో చెయ్యి పట్టి లాగకుండా, రెక్కను అదిమి పట్టి మోచెయ్యి దగ్గర తిప్పడం కూడా ఆమే నేర్పింది. వేలకు వేలు పోసిన చోట దొరకని శ్రద్ధ, పైసా ఖర్చు లేని చోట దొరికింది.

ఇప్పటి ఫలితం గురించి. ముద్ద నోటికి తెచ్చేటప్పుడు మోచెయ్యి ఇప్పుడు ఛాతీ దగ్గరే ఉంటోంది. చెయ్యి మెడ వెనక్కి పోతోంది, జడకు రబ్బరు బ్యాండు తానే పెట్టుకుంటోంది. తాజా చిత్రంలో ఎముక తల గుంట మధ్యకు వచ్చింది, గుంట వాలు కూడా తగ్గుతోంది. ఇక పోయినదాని సంగతి: వెనక హుక్కులు పెట్టుకోవడానికి ఆ చెయ్యి రాదు, బొడ్డును అందుకోవాలంటే మణికట్టు బాగా వంచాలి. దండం పెట్టినప్పుడు అరచేతులు కలుస్తాయి గానీ కుడి మోచెయ్యి కొంచెం ముందుకు వస్తుంది. వైద్యుడు మొదటి రోజు చెప్పిన దానికి ఇది అటూ ఇటూ కాదు. ఈ శస్త్రచికిత్సతో నరాలు బాగుపడవు. చెయ్యి రెండో చెయ్యి అంత పొడవూ, అంత బలమూ కాదు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోవడం అలాగే ఉండిపోయింది, అది వేరే సమస్య. "మామూలు చెయ్యి అయిపోతుంది" అని ఎవరైనా మాట ఇస్తే వారి దగ్గర చేయించుకోవద్దని నా సలహా.

వైద్యుడికీ మత్తు విభాగానికీ ఐదుకు ఐదు ఇస్తాను. నర్సులకు నాలుగు. ఫిజియోథెరపీకి రెండు, అవి కూడా స్ప్లింట్ తయారుచేసిన వ్యక్తి పనితనానికి. బిల్లింగుకూ బీమా విభాగానికీ కలిపి ఒకటి. శస్త్రచికిత్స కోసం ఇదే వైద్యుడి దగ్గరికి మళ్లీ వెళతాను. థెరపీని మాత్రం మొదటి రోజు నుంచే మా ఊళ్లో ఏర్పాటు చేసుకుని, ఏ కదలిక ఎంత రావాలో, ఎంత దాటకూడదో రాసిన కాగితం వైద్యుడి చేత్తోనే తీసుకుంటాను. ఎదుగుదల ఆగేదాకా ఏడాదికోసారి భుజం కొలతలు తీయించాలి. ఎదిగేకొద్దీ చెయ్యి లోపలికి రావడం మరీ తగ్గితే, ఎముకను కొద్దిగా లోపలికి తిప్పే శస్త్రచికిత్స అవసరం కావచ్చని కూడా ఆయన ముందే చెప్పారు. ఆ ఏడాది పరీక్షకు ఆసుపత్రి నుంచి ఫోన్ గానీ మెసేజ్ గానీ రాదు. తేదీని మనమే రాసిపెట్టుకోవాలి. వెళ్లేటప్పుడు మొదటి ఎమ్మారై సీడీ వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే పాత చిత్రాలు వాళ్ల కంప్యూటరులో దొరకడం లేదని మాకు ఒకసారి చెప్పారు.